పాత మంగలి కత్తులు: చేసిందెవరు, పేరెవరిది? – తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు పాత మంగలి కత్తులు ఏరుకునే పిచ్చి ఉంది. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతలో నేల మీద పరిచిన గోనెపట్టాల ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి తుప్పు కింద అక్షరాలు వెతుకుతుంటే జనం వింతగా చూస్తారు. ఆ చూసినవాళ్లూ, మా చుట్టాలూ, ఇంట్లో తాతగారి కత్తి బయటపడిందంటూ ఫొటోలు పంపేవాళ్లూ అడిగిన ప్రశ్నలే ఇవన్నీ.

మంగలి కత్తి అంటే ఇక్కడ ఏ కత్తి?

ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు విరిచి బిగించే కత్తి కాదు. అలుగంతా ఒకే ఉక్కుముక్క, రెండు చెక్కల మధ్యకి మడుచుకుపోతుంది, పదును పోతే మళ్లీ నూరుకోవాలి. అదీ అసలు మంగలి కత్తి. ఊళ్లో ఆ పేరుతోనే పిలుస్తారు కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

భాగాల పేర్లు ముందే చెబుతాను, కింద పదే పదే వస్తాయి. అలుగుకి వెనక దళసరిగా ఉండేది వీపు. అలుగుకీ పిడికీ నడుమ బొటనవేలు ఆనించే చోటు మెడ. పిడి దాటి పైకి వంకరగా లేచేది తోక. పిడికున్న రెండు రేకులు చెక్కలు, అవి కొమ్ముతో చేసినా దంతంతో చేసినా సరే. కత్తి జాతకమంతా దాదాపుగా మెడ మీదే రాసి ఉంటుంది.

వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. అయిదు బై ఎనిమిది మామూలు సైజు. ఏడు బై ఎనిమిది అంటే చేతిలో బరువు తెలుస్తుంది.

ఇవి ఎక్కడ తయారయ్యేవి?

ముఖ్యంగా రెండు ఊళ్లు: ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్. వాటి తర్వాత ఫ్రాన్సులో తియేర్, స్వీడన్‌లో ఎస్కిల్స్టునా. 19వ శతాబ్దం రెండో సగం నుంచి అమెరికాలో మసాచుసెట్స్, న్యూయార్క్, ఒహాయో రాష్ట్రాల్లోని చిన్న పట్టణాలు. స్విట్జర్లాండులో గడియారాల కుటుంబం లెకూల్త్ర్ వాళ్లు కూడా చాలా సొగసైన కత్తులు చేశారు.

ఒక తమాషా ఉంది. మెడ మీద జెనీవా అని చూసి స్విస్ కత్తి అనుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది. జెనీవా కట్లరీ కంపెనీ ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా అనే ఊళ్లో. నేనూ మొదట మురిసినవాడినే.

షెఫీల్డుకే అంత పేరెందుకొచ్చింది?

కొండల్లోంచి దూకే చిన్న చిన్న ఏళ్లు సానరాళ్లు తిప్పడానికి సరిపోయాయి. సానకి పనికొచ్చే ఇసుకరాయి పక్కనే దొరికేది. బొగ్గు కాళ్ల కిందే ఉంది. అయితే షెఫీల్డుని మిగతా ఊళ్ల నుంచి వేరు చేసింది బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు. గడియారం స్ప్రింగులకి ఒకచోట గట్టిగా ఒకచోట మెత్తగా ఉండే ఉక్కు ఆయనకి విసుగు పుట్టించింది. అప్పటి ఉక్కు ఎలా చేసేవారంటే, ఇనపకడ్డీలను బొగ్గుపొడిలో పూడ్చి రోజుల తరబడి కాల్చేవారు. కార్బన్ పైపైన ఎక్కేది, లోపలికి సమంగా దిగేది కాదు. 1740ల్లో హంట్స్‌మన్ ఆ ఉక్కునే ముక్కలు చేసి, మూతపెట్టిన మట్టిమూసలో పూర్తిగా కరిగించి అచ్చులో పోశాడు. ముద్దంతా ఒకే తీరుగా వచ్చింది.

షెఫీల్డ్ కత్తులవాళ్లు మొదట ఈ ఉక్కు వద్దన్నారు, మరీ గట్టిగా ఉంది, సుత్తికి లొంగదని. హంట్స్‌మన్ దాన్ని ఫ్రాన్సుకి అమ్ముకున్నాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి కత్తులు ఇంగ్లండు బజారుకి వచ్చి పడ్డాక గానీ ఊరివాళ్లకి తెలివి రాలేదు.

మూసలు చేసే పని చూడాలి. మెత్తటి బంకమట్టిని మనిషి వట్టికాళ్లతో గంటల తరబడి తొక్కేవాడు. చిన్న గులకరాయి మిగిలినా, గాలిబుడగ ఉన్నా అరికాలికి తెలియాలి. తెలియకపోతే మూస పొయ్యిలో పగిలి ఉక్కంతా బూడిదపాలు. మూసని పొయ్యిగుంటలోంచి పైకి లాగేవాడు కాళ్లకి తడి గోనెలు చుట్టుకునేవాడు. షెఫీల్డ్ పక్కన ఆబీడేల్‌లో ఆ పొయ్యి ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా.

ఇంకో సంగతి. ఇంత పేరున్న షెఫీల్డ్ ఉక్కుకి ఇనుము ఇంగ్లండుది కాదు. మేలురకం ఉక్కుకి స్వీడన్‌లోని డానెమొరా గని ఇనుమే కావాలి. గుండ్రంలో ఎల్ అక్షరం ముద్ర ఉన్న లోవ్స్టా కడ్డీలకి అన్నిటికంటే ఎక్కువ ధర పలికేది. పేరు ఒకరిది, సరుకు ఇంకొకరిది అనే కథ ఇక్కడే మొదలైంది.

"కాస్ట్ స్టీల్" అని ఉంది. అంటే పోత ఇనుమా? నాసిరకమా?

కాదు. పైన చెప్పిన మూసలో కరిగించిన ఉక్కునే అలా అనేవారు. అలుగుని అచ్చులో పోయలేదు, ఉక్కుముద్దని పోశారు. తర్వాత కడ్డీగా సాగదీసి, సుత్తితో కొట్టి అలుగు చేశారు. ఈ మాట కనిపిస్తే మంచి కబురే.

మన ఉక్కుకీ ఈ కత్తులకీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మరులు మట్టిమూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఊరిదాకా వచ్చేవారు. 1820ల నాటికి ఇంకా వస్తూనే ఉన్నారని, కమ్మరులు రెండు చోట్ల ఇనుముని కలిపి మూసలో పెట్టేవారని, నిజాం రాజ్యంలో సర్వేతో తిరిగిన హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. ఆ మాట మన ఉక్కు అన్న మాటకి వచ్చిన అవతారమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తెలుగు ఉక్కా, కన్నడ ఉక్కా అని వాదులాడుకోవచ్చు. రెండు భాషల్లోనూ అదే మాట కదా.

1790ల్లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఈ ఉక్కు ముద్దలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. అక్కడ జేమ్స్ స్టోడార్ట్ అనే ఆయన ఉండేవాడు, శస్త్రచికిత్స పరికరాలూ మంగలి కత్తులూ చేసేవాడు. లండన్‌లో స్ట్రాండ్ వీధిలో దుకాణం. ఈయన ఆ ముద్దలతో కత్తులు చేసి చూశాడు. ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్‌లోని మేలైన ఉక్కు కంటే ఇండియా వూట్జే నచ్చిందని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. మనవాళ్లెవరూ అడగకుండానే వచ్చిన ప్రకటన అది.

తర్వాత స్టోడార్ట్ ఒక కుర్రాడిని తోడు తీసుకున్నాడు. కమ్మరి కొడుకు, పేరు మైకేల్ ఫారడే. విద్యుత్తు జోలికి పూర్తిగా వెళ్లకముందు ఫారడే చేసిన పెద్ద పని ఉక్కు మీదే. వూట్జ్‌లో ఏముందో తేల్చాలని మొదలుపెట్టి, ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశారు. 1820లోనూ 1822లోనూ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక అమ్మేవాళ్ల సంగతి. వూట్జ్‌కి పేరొచ్చాక షెఫీల్డ్ కత్తుల మీద "ఇండియా స్టీల్" అని చెక్కడం మొదలైంది. ఆ ముద్ర ఉన్న కత్తి దొరికితే అందులో కోనసముద్రం ఉక్కు ఉందని పొంగిపోకండి. మన కమ్మరి మూసలోనే చల్లారనిచ్చేవాడు, షెఫీల్డువాడు అచ్చులో పోసేవాడు. రెండూ రెండు దారులు. బజారుకి వచ్చిన కత్తుల్లో ఎక్కువ శాతం షెఫీల్డ్ దారివే, పేరు మాత్రం మనది.

"సిల్వర్ స్టీల్" అంటే వెండి కలిసిందా?

ఫారడే, స్టోడార్ట్ ప్రయోగంలో వెండి కలిసిన మాట నిజం. 500 పాళ్ల ఉక్కుకి ఒక పాలు వెండి. అంతకు మించితే వెండి ఉక్కులో ఇమడక పోగులుగా విడిపోయేది. ఆ ప్రయోగం పేరు జనం నోట్లో పడ్డాక షెఫీల్డ్ దుకాణాలు మామూలు మూస ఉక్కుకే ఆ పేరు తగిలించాయి. కాబట్టి వెండి రేటు చూసుకుని ధర చెప్పే అమ్మకందారుని నవ్వి వదిలేయండి.

ఒక కత్తి తయారవడానికి ఎందరి చేతులు పడేవి?

కనీసం అయిదారుగురివి. పేరు మాత్రం ఒక్కరిది.

కొలిమి దగ్గర ఇద్దరు. ఒకడు ఎర్రటి కడ్డీని పటకారుతో తిప్పుతూ సుత్తి వేస్తే ఎదురుగా ఇంకొకడు సమ్మెట వేసేవాడు. అలుగు రూపం వచ్చాక, చల్లారకముందే, మెడ మీద ఉలి అచ్చుతో ముద్ర కొట్టేవారు. తర్వాత మళ్లీ ఎర్రగా కాచి ఒక్కసారిగా ముంచేవారు. అప్పుడు ఉక్కు గాజులా పెళుసు. దాన్ని నిదానంగా మళ్లీ వెచ్చచేస్తే పైన రంగులు పాకుతాయి. లేత ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి. సుమారు 220, 230 డిగ్రీల వేడి అది. గోధుమరంగులోకి దాటిందా, అంచు నిలవదు. కొలత పరికరమేమీ లేదు, కంటిచూపే.

అక్కడి నుంచి సానవాడు, మెరుగు పెట్టేవాళ్లు (షెఫీల్డులో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది), పిడి బిగించేవాడు, చివరికి అంచు తీసేవాడు. వీళ్లంతా ఒకే కప్పు కింద ఉండాలని లేదు. షెఫీల్డులో చాలామంది చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా పని చేసుకునే మేస్త్రులు. కంపెనీ పేరున్న అలుగు ఊళ్లో నాలుగు వీధులు తిరిగి మళ్లీ కంపెనీకి చేరేది. మెడ మీద పేరున్న పెద్దమనిషి ఆ కత్తిని ఎన్నడూ తాకి ఉండకపోవచ్చు.

బోలు సాన అంటే ఏమిటి? పాత కత్తులు అంత మందంగా ఎందుకుంటాయి?

నా దగ్గర వేడ్ అండ్ బుచర్ అనే షెఫీల్డ్ కత్తి ఒకటి ఉంది, ఏడు బై ఎనిమిది. అడ్డంగా చూస్తే చెక్క చీల్చే మేకులా వీపు నుంచి అంచుదాకా దాదాపు తిన్నగా దిగుతుంది. గోటితో మీటితే చప్పుడు రాదు. పక్కనే సోలింగెన్ కత్తి. అలుగు రెండు వైపులా లోపలికి తొలిచినట్టు వంగి, అంచు దగ్గర కాగితమంత పల్చన. బోలు సాన అంటే ఇదే. మీటితే సన్నగా మోగుతుంది. గడ్డం గీసేటప్పుడు కూడా ప్రతి వెంట్రుకకీ చిన్న సవ్వడి వినిపిస్తుంది.

తేడా అంతా సానరాయి వ్యాసంలో ఉంది. పెద్ద రాయి మీద పట్టిన అలుగు తిన్నగా వస్తుంది. చిన్న రాయి మీద పట్టినది లోతుగా తొలుస్తుంది. 19వ శతాబ్దం చివరి భాగంలో జర్మన్లు చిన్న రాళ్ల జంట మధ్య అలుగుని నడిపి రెండు వైపులా ఒకేసారి తొలిచే యంత్రాలు తెచ్చారు. పల్చని అలుగు నూరడం సులువు, తోలుపట్టీ మీద నాలుగు సార్లు లాగితే అంచు మళ్లీ లేస్తుంది. బరువైన అలుగుకి దాని అభిమానులు దానికున్నారు, గట్టి గడ్డాలకి అదే మేలంటారు. నాకు మాత్రం మోగే కత్తే ఇష్టం.

స్వీడన్‌లో ఎంగ్‌స్ట్రోమ్ లాంటివాళ్లు ఇంకో ఉపాయం పట్టారు: పల్చని రేకుని విడిగా చేసి మందమైన వీపు చట్రంలో బిగించడం. లెకూల్త్ర్ కత్తులూ ఆ తరహావే.

మెడ మీద నక్షత్రాలూ శిలువలూ చెట్లూ ఎందుకు?

చదువురాని కొనుగోలుదారు కోసం. మన అగ్గిపెట్టె మీద బొమ్మ చూసి అడిగినట్టే.

షెఫీల్డులో 1624లో పార్లమెంటు చట్టంతో హాలమ్‌షైర్ కట్లర్ల సంఘం ఏర్పడింది. ప్రతి మేస్త్రీ తన గుర్తుని అక్కడ నమోదు చేయించుకుని అదే కొట్టాలి. ఆ గుర్తులు ఆస్తిలా చేతులు మారేవి, అమ్ముడయ్యేవి, తాతనుంచి మనవడికి వెళ్లేవి. జోసెఫ్ రాజర్స్ అండ్ సన్స్ వారి నక్షత్రం, మాల్టా శిలువ 1764 నుంచి వాళ్ల సొత్తు. వాళ్ల చిరునామా, నంబరు 6, నార్‌ఫోక్ స్ట్రీట్, అది కూడా ఒక బ్రాండు లాంటిదే. అలుగు మీద చిరునామా చెక్కి మరీ అమ్మేవారు. జార్జ్ వోస్టెన్‌హోమ్ వారి ఐ ఎక్స్ ఎల్ 1787లో నమోదైన గుర్తు, తర్వాత వీళ్ల చేతికి వచ్చింది. మూడు అక్షరాలూ గబగబా చదివితే ఇంగ్లీషులో "నాదే పైచేయి" అని అర్థం వస్తుంది. వోస్టెన్‌హోమ్ అమెరికా వ్యాపారం మీద ఎంత ఆధారపడ్డాడంటే షెఫీల్డులోని తన ఫ్యాక్టరీకి వాషింగ్టన్ వర్క్స్ అని పేరు ఉంచుకున్నాడు.

సోలింగెన్‌లో హెంకెల్స్ కవలల బొమ్మ 1731 జూన్ 13న నమోదైంది. మిథునరాశి రోజులు కాబట్టి కవలలంటారు. బోకర్ వారిది చెట్టు, ఫ్యాక్టరీ ముందు చెస్ట్‌నట్ చెట్టు ఉండేదట. సముద్రం అవతల బోకర్ పేరు పలకలేనివాడు కూడా చెట్టు కత్తి ఇమ్మని అడగగలడు.

పేరున్న కంపెనీయే ఆ కత్తి చేసిందని నమ్మొచ్చా?

చాలాసార్లు నమ్మకూడదు. ముఖ్యంగా అమెరికా పేర్లున్నప్పుడు.

సెయింట్ లూయిస్‌లో సిమ్మన్స్ హార్డ్‌వేర్ కంపెనీ కీన్ కటర్ పేరుతో కత్తులు అమ్మేది. షికాగోలో హిబ్బర్డ్, స్పెన్సర్, బార్ట్‌లెట్ కంపెనీది ఓ వి బి, అంటే "మా దగ్గరున్న వాటిలో మేలైనది" అని. ఇవి టోకు ఇనపసామాను వ్యాపారాలు, కత్తుల ఫ్యాక్టరీలు కావు. ఇంకెవరో చేసిన అలుగు మీద తమ పేరు కొట్టించుకునేవారు. అదే అలుగు, అదే చెక్కలు, నాలుగు ఊళ్లలో నాలుగు పేర్లతో దొరుకుతుంది. ఊళ్లో క్షౌరశాలలకి సామాను అమ్మే చిన్న దుకాణదారు కూడా డజన్ల లెక్కన సోలింగెన్‌కి ఆర్డరు పెట్టి తన పేరు వేయించుకునేవాడు.

అందుకే నేను పేరు తర్వాత చూస్తాను. ముందు మెడ వంపు, తోక తీరు, సాన లోతు, చెక్కల మేకుల దగ్గర బిళ్లలు చూస్తాను. పేరు అమ్మినవాడిది, చేతివాటం చేసినవాడిది. చేతివాటం మారదు.

వేడ్ అండ్ బుచర్ కూడా ఇలాంటి ముడే. విలియం, శామ్యూల్ బుచర్ షెఫీల్డ్ అన్నదమ్ములు. వేడ్ అనేవాడు వాళ్ల సరుకు అమెరికాలో అమ్మిపెట్టిన ఏజెంటు. అమ్మినవాడి పేరే ముందొచ్చింది చూశారా.

అప్పట్లో నకిలీలు ఉండేవా?

కుప్పలు తెప్పలుగా. రాజర్స్ పేరులో ఒక అక్షరం మార్చి కొట్టేవారు. షెఫీల్డ్ అని అబద్ధం కొట్టిన జర్మన్ సరుకు ఇంగ్లండుని ముంచెత్తింది. 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకు గుర్తుల చట్టం చేసింది: ఇంగ్లీషు పేరు పెట్టుకుని వచ్చే పరాయి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలి. జర్మన్ సరుకుని పరువు తీయాలని పెట్టిన "మేడ్ ఇన్ జర్మనీ" కొన్నేళ్లకే నాణ్యతకి గుర్తయి కూర్చుంది. షెఫీల్డువాళ్ల కడుపుమంట ఊహించుకోండి.

తర్వాత సోలింగెన్‌కి అదే తలనొప్పి వచ్చింది. 1938లో జర్మనీ ఆ ఊరి పేరుకే చట్టం చేసింది. ముఖ్యమైన పనులన్నీ సోలింగెన్‌లో జరిగితేనే ఆ పేరు కొట్టాలి.

నా దగ్గరున్న కత్తి వయసు ఎలా తెలుస్తుంది?

ఒక్క గుర్తుతో తేల్చకండి, రెండు మూడు కలిస్తేనే మాట.

తోక చూడండి. తోక లేకపోయినా, మొండిగా ఉన్నా 18వ శతాబ్దానిది కావచ్చు. వేలు ఆనేలా పొడుగ్గా వంగిన తోక 19వ శతాబ్దంలో స్థిరపడింది. కిరీటం పక్కన జి ఆర్ అక్షరాలుంటే జార్జి రాజుల కాలం, డబ్ల్యు ఆర్ అయితే 1830 నుంచి 1837 వరకు ఏలిన విలియం కాలం, వి ఆర్ అయితే విక్టోరియాది, అంటే 1837 నుంచి 1901. కిరీటం ఉందని రాజుగారి ఆస్థాన కత్తులవాడు అనుకోకండి, అడ్డమైనవాళ్లూ కొట్టేవారు.

ఇక దేశం పేరు. 1890 మెకిన్లీ సుంకాల చట్టం వల్ల అమెరికాకి వెళ్లే సరుకు మీద 1891 నుంచి తయారైన దేశం పేరు తప్పనిసరి. కాబట్టి ఒట్టి "షెఫీల్డ్" అని ఉంటే అంతకుముందుది అయ్యే అవకాశం ఎక్కువ, "ఇంగ్లండ్" లేదా "జర్మనీ" చేరితే తర్వాతది. "మేడ్ ఇన్" అని పూర్తిగా ఉంటే ఎక్కువగా 1920ల నుంచి. ఇవి అమెరికా నియమాలు. మన ఊరికి వచ్చిన కత్తికి ఇవి కచ్చితంగా వర్తించాలని లేదు.

అలుగు మీద బంగారు రంగు రాతలు ఏమిటి?

ఆమ్లంతో తినిపించిన రాతలు. అలుగు మీద ఆమ్లం అంటని పూత వేసి, రాత ఉన్నచోట మాత్రం ఉక్కు కనపడనిచ్చి ఆమ్లం రాస్తే అక్కడ సన్నగా గుంట పడుతుంది. తర్వాత దానికి బంగారు పూత వేసేవారు. ఓడలు, గద్దలు, రాజుల తలలు, "క్షురకుల వాడకానికి" అన్న హామీలు, అన్నీ కనిపిస్తాయి. ఈ గుంట వెంట్రుకవాసి లోతే. మెరుగు యంత్రం మీద పెడితే నిమిషంలో మాయం. పాత కత్తి బోసిగా తళతళలాడుతుంటే దాని మీద ఎవరో చేయి చేసుకున్నారని అర్థం.

పిడి దంతమా, కొమ్మా, ప్లాస్టిక్కా? నేను మోసపోకుండా ఉండేదెలా?

నేను మోసపోయాను కాబట్టి చెప్పగలను. ఒక అమ్మకందారు దంతం పిడి అని చెప్పి కత్తి అంటగట్టాడు. పాలమీగడ రంగు, సన్నని చారలు. ఇంటికి తెచ్చి పెట్టెలో మిగతా కత్తుల పక్కన పెట్టాను. వానాకాలం వెళ్లాక తెరిస్తే కర్పూరం, వెనిగర్ కలిసిన ఘాటు వాసన. ఆ కత్తి అలుగే కాదు, పక్కనున్న రెండింటి అలుగులూ పిడికి ఎదురైన మేరకు తుప్పుతో గుంటలు పడ్డాయి.

అది సెల్యులాయిడ్. 1870ల నుంచి దంతానికీ తాబేటిచిప్పకీ బదులుగా వచ్చిన మొదటి ప్లాస్టిక్. ముసలిదైతే తనంతట తానే విరిగిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అది ఉక్కుని తింటుంది. గుర్తుపట్టడం ఎలాగంటే, సెల్యులాయిడ్ చారలు గీత గీసినట్టు సమానంగా ఉంటాయి. దంతంలో అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంకరగీతలు కనిపిస్తాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని సలహా ఇస్తారు కొందరు, వినకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

నిజంగా దంతమే అయితే ఇంకో సమస్య. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. రాజర్స్ వాళ్ల గోదాములో దంతాలు గుట్టలుగా పేర్చిన పాత ఫొటోలు చూస్తే ఇప్పుడు కడుపులో దేవినట్టుంటుంది. నేను కొమ్ము పిడులే కొంటాను. షెఫీల్డుకి మన దేశం నుంచి గేదెకొమ్ము వెళ్లేది. నల్లటి కొమ్ము పిడి చూసినప్పుడు అది ఏ ఊరి గేదెదో అనిపిస్తుంది.

ఏడు కత్తుల పెట్టెలు ఎందుకు?

రోజుకొకటి. వీపు మీద ఆదివారం నుంచి శనివారం దాకా వారాల పేర్లు. వాడిన అలుగుకి వారం విశ్రాంతి ఇస్తే అంచు మళ్లీ కోలుకుంటుందని నమ్మేవారు. నమ్మకం సంగతేమో గానీ, ఒకరికి ఏడు అమ్మడం మాత్రం మంచి వ్యాపారం. పెట్టెల్లో ఏదో ఒక వారం తప్పిపోయి దొరుకుతుంది.

సానవాళ్లు ఎలా బతికేవారు?

కొద్దికాలం బతికేవారు. షెఫీల్డులో సానవాడు చెక్క జీను మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ముందుకి వంగి తిరిగే రాయి మీద అలుగు ఆనించేవాడు. రాతిధూళి నేరుగా మొహంలోకి. తడిరాయి మీద పని కొంత నయం, పొడిరాయి మీద పని ప్రాణాంతకం. పూర్తిగా పొడిరాయి మీద పనిచేసే ఫోర్కుల సానవాళ్లకి ముప్పై ఏళ్లు దాటడమే గగనం. మంగలి కత్తులు కొంత తడి, కొంత పొడి. దగ్గు, ఆయాసం, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడటం. సానవాళ్ల ఆస్తమా అని ఊళ్లో అందరికీ తెలిసిన పేరే. ధూళి లాగేసే పంకాలు కనిపెట్టాక కూడా వాడనివాళ్లున్నారు. ఎక్కువమంది బతికితే పోటీ పెరిగి కూలి తగ్గుతుందని భయం. ఇది చదివిన రోజు నాకు ఆ వేడ్ అండ్ బుచర్ కత్తి ముట్టుకోబుద్ధి కాలేదు.

తియేర్‌లో తీరు వేరు. డ్యురోల్ ఏటి ఒడ్డున, రాయి పైన పలక మీద బోర్లా పడుకుని సానపట్టేవారు. కింద నీళ్లు, చలి. కాళ్ల మీద కుక్కని పడుకోబెట్టుకునేవారు, వెచ్చదనానికి.

ఇంత పెద్ద పరిశ్రమ ఎలా కూలింది?

రెండు దెబ్బలు. మొదటిది అమెరికా సుంకాలు, 1890 నుంచి షెఫీల్డ్ ఎగుమతుల నడ్డి విరిచాయి. రెండోది కింగ్ క్యాంప్ జిల్లెట్. అంచుకి రక్షణ పెట్టిన కత్తులు అంతకుముందే ఉన్నాయి, కాంఫే సోదరులు 1880లోనే పేటెంట్ తీసుకున్నారు. కానీ వాటి అలుగునీ నూరుకోవాల్సిందే. జిల్లెట్ వచ్చి నూరొద్దు, పారేయమన్నాడు. 1903లో మొదటి ఏడాది 51 రేజర్లు, 168 బ్లేడ్లు అమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. సైనికుడు ఇంటికి తిరిగొచ్చి మళ్లీ తోలుపట్టీ పట్టుకోలేదు.

క్షౌరశాలల్లో మాత్రం కత్తి ఇంకా చాలాకాలం నిలిచింది. మా చిన్నప్పుడు మా ఊళ్లో వీరయ్య మామ, ఆయన్ని అందరం మామ అనే పిలిచేవాళ్లం, అరుగు మీద కూర్చోబెట్టి కత్తిని అరచేతి మీద అటూ ఇటూ రాసి పదును సరిచూసుకునేవాడు. హెచ్ఐవి భయం వచ్చాక ఆ కత్తులు పెట్టెల్లోకి వెళ్లి, సగం బ్లేడు కత్తులు వచ్చాయి. రోగాల దృష్టితో చూస్తే అదే సరైంది.

ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారా?

సోలింగెన్‌లోనూ తియేర్‌లోనూ కొద్దిమంది చేస్తున్నారు. తియేర్‌లో 1884 నాటి తియేర్-ఇస్సార్ పేరు ఇంకా వినిపిస్తుంది. షెఫీల్డులో పెద్ద పేర్లు మాయమయ్యాయి. ఒకప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోని రాజర్స్, వోస్టెన్‌హోమ్ 1971లో ఒకే కంపెనీగా కలిశాయి.

తాతగారి కత్తి దొరికింది. ఏం చేయమంటారు?

ముందు ఏమీ చేయకండి. ఇసుకకాగితం, చింతపండు, బూడిద, ఏవీ వద్దు. మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి మెడ తుడవండి. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పెట్టి ఫొటో తీయండి, కంటికి కనపడని అక్షరాలు అందులో తేలతాయి. రెండు వైపులా తీయండి, చాలాసార్లు కంపెనీ పేరు ఒకవైపు, ఊరి పేరు మరోవైపు ఉంటాయి. వాసన చూడండి. కర్పూరం ఘాటు ఉంటే ఆ కత్తిని మిగతావాటికి దూరంగా, గాలి తగిలేచోట పెట్టండి. తోలు ఒరలో అసలు ఉంచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది.

దాంతో గడ్డం గీసుకోవచ్చా?

అంచు మీద నెత్తురుచుక్కంత తుప్పుగుంట కూడా లేకపోతే, నూరడం తెలిసినవాళ్లు నూరి ఇస్తే, గీసుకోవచ్చు. మొదటిసారి చెంప మీద మాత్రమే. గడ్డం కింద వంపు జోలికి నెల తర్వాత వెళ్లండి. ఇంకొకరు వాడిన కత్తయితే ముందు బాగా శుభ్రం చేసి, స్పిరిటుతో తుడిచాకే. కొమ్ము పిడిని మాత్రం వేణ్నీళ్లలో ముంచకండి, వంకరపోతుంది.